వదిన ఊఁ అంటేనే కుర్చీ

దగ్గరికి జరగండర్రా. అంత దూరాన కూర్చుంటే సగం మాటలు గోడకే పోతాయి. చేతిలో పనుంటే ఒళ్ళో పెట్టుకోండి, చేసుకుంటూనే వినొచ్చు. ఇది ఒక కుర్చీల మేస్త్రి ఇంటి సంగతి. మేస్త్రిది అన్నాను గానీ, నిజానికి ఆయన భార్యది.

ఆవిడకి పేరు లేక కాదు. మరిది పొద్దస్తమానం వదినా వదినా అని పిలుస్తుంటే వీధి వీధంతా అదే పట్టుకుంది. ఆఖరికి ఉత్తరాలు తెచ్చే అతను కూడా మెట్ల కింద నిలబడి "వదిన గారున్నారా" అని కేకేసేవాడు. ఆవిడకన్నా ఇరవై ఏళ్ళు పెద్దవాళ్ళకి కూడా ఆవిడ వదినే.

ఇల్లు పైన, పనికొట్టు కింద. కొట్లో అడుగు పెడితే ముందు కొత్త చెక్క వాసన, ఆ వెనకే జిగురు వాసన. కాలి కింద చిత్రిక పట్టిన చెక్కపొట్టు ఉంగరాలు ఉంగరాలుగా పడి ఉండేది. మేస్త్రి బల్లలు చేయడు, బీరువాలు చేయడు, కుర్చీలే. అదీ వాళ్ళ నాన్న చేసిన తీరునే: నిటారు వీపు, కూర్చునే చోట బల్లపరుపు పలక, ఏనుగు కాళ్ళలాంటి కాళ్ళు. తమ్ముడు వాటిని గరుకు కాగితంతో రుద్ది వార్నిష్ పూస్తాడు. వదిన కూర్చుంటుంది.

కూర్చోవడం కూడా ఒక పనేనా అంటారేమో. ఆ కొట్లో అదే అసలు పని. వదిన భారీ మనిషి. ఆవిడ దిగి వస్తుంటే మెట్లు ముందే కబురు చెప్పేవి. వచ్చి, కొత్త కుర్చీ చేతులు రెండూ పట్టుకుని, నిదానంగా కిందికి దిగి, ఓసారి ఎడమకి, ఓసారి కుడికి కదిలి, వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని చెవి పెట్టి వినేది. ఎక్కడా కిర్రుమనకపోతే "ఊఁ" అనేది. ఆ ఊఁ పడ్డాకే కుర్చీ వార్నిష్‌కి వెళ్ళేది. "ఊహూఁ" అందంటే మేస్త్రి మారు మాట్లాడకుండా కాళ్ళు ఊడదీసి మళ్ళీ మొదలుపెట్టేవాడు. కొనేవాళ్ళు కూడా ధర అడగడానికి ముందు "ఇది వదిన గారు కూర్చున్నదేనా" అని అడిగేవారు.

అలాంటి వదినకి మోకాళ్ళు మొరాయించాయి. ఒంట్లో చక్కెర పెరిగింది. నిద్రలో గురక మధ్యలో ఊపిరి ఆగిపోయి, మేస్త్రి లేచి కూర్చుని భుజం కుదిపేదాకా మళ్ళీ అందేది కాదు. డాక్టరమ్మ చూసి, కడుపు చిన్నది చేసే ఆపరేషన్ ఒక్కటే దారి అంది. ఎంత చిన్నది అని అడిగితే వేళ్ళతో చూపించింది, అరటిపండంత.

మేస్త్రి తన వేళ్ళతో ఆ కొలత పట్టి చూసుకున్నాడు. "మరి కోసేసిన ముక్కని ఏం చేస్తారండీ" అని అడిగాడు. చెక్క పని చేసే మనిషి కదా, మిగులు ముక్క వృథా అవడం చూడలేడు.

"మీకేం పనికిరాదు లెండి, జిగురు పెట్టినా కుర్చీకి అంటదు అది" అంది వదిన. ఆపరేషన్‌కి నవ్వుతూనే వెళ్ళింది.

తర్వాత ఒళ్ళు కరగడం మొదలైంది. తన కాళ్ళ గోళ్ళు తనకి కనిపించిన రోజున వదిన అత్తగారిని పిలిచి మరీ చూపించింది. వేలి ఉంగరం జారిపోతుంటే దారం చుట్టుకుంది. కాలు మీద కాలు వేసుకోవడం వచ్చింది. అది వచ్చిన కొత్తలో ఎవరు పలకరించినా ముందు కాలు మీద కాలు వేసుకుని ఆ తర్వాత బదులు చెప్పేది. దువ్వెన నిండా జుట్టు ఊడొస్తే దిగులుపడింది గానీ, మళ్ళీ వస్తుందిలే అని డాక్టరమ్మ అంటే ఊరుకుంది. భుజాల కింద చర్మం ఖాళీ సంచిలా వేలాడేది. ఎండలో కూడా చలేసేది. గురక ఆగిపోయింది. ఆ నిశ్శబ్దానికి అలవాటు పడక మేస్త్రి నిద్రపట్టక దొర్లేవాడు.

ఇక తిండి. రెండు చెంచాల సూపు, ఓ ఉడికిన గుడ్డు, కాస్త పెరుగు. అదీ నమిలి నమిలి, చెంచా కింద పెట్టి, మళ్ళీ ఎత్తి. ఓసారి పాత అలవాటుకొద్దీ గబగబా తిని, పైన ఓ మిఠాయి ముక్క కూడా వేసుకుంది. అంతే, గుండె దడదడలాడి, చెమటలు కారి, మంచం మీద వాలిపోయింది. మేస్త్రి పక్కనే కూర్చుని విసురుతూ, తేరుకునేదాకా కదల్లేదు. అప్పటినుంచి ఆవిడ తిండి దగ్గర తొందరపడుతోందంటే ఆయనకి ముచ్చెమటలు పట్టేవి.

ఇవన్నీ సంతోషంగానే సర్దుకుంది వదిన. కోలుకుని ఓ పొద్దున కొట్లోకి దిగింది. మెట్లు నోరు మెదపలేదు. ఆవిడ వచ్చిన సంగతి ఎవరికీ తెలియనేలేదు. తీరా చూస్తే, ఆవిడ కూర్చోవలసిన కొత్త కుర్చీలో ఎవరో కూర్చుని ఉన్నారు. ఆవిడ పాత నీలం స్వెట్టర్ వేసుకుని, పొట్ట ముందుకి పెట్టుకుని, దర్జాగా.

ఇసుక మూట అది. వదిన పాత బరువంత ఇసుక నింపి, మూతి వదులుగా కట్టారు. ఆవిడ మంచాన ఉన్నన్నాళ్ళూ కుర్చీలు పరీక్షించడానికి మేస్త్రి చేసుకున్న ఏర్పాటు. స్వెట్టర్ తొడిగింది మాత్రం మరిది.

"ఎవరయ్యా ఈవిడ" అంది వదిన.

"పెద్దొదిన" అన్నాడు మరిది. "నువ్వు చిన్నొదినవి అయ్యావుగా."

"మాట్లాడుతుందా?"

"అదే ఆవిడలో సుగుణం."

వదిన నవ్వి మూటని పక్కకి నెట్టబోయింది, నెట్టలేకపోయింది. మరిది దించాడు. ఆవిడ కూర్చుని, అటూ ఇటూ కదిలి, "ఊఁ" అంది. మేస్త్రి తల గోక్కున్నాడు. "సరే. కానీ ఓసారి మూటని కూడా పెట్టి చూద్దాం. నువ్వు తేలికైపోయావు కదా, కుర్చీకి నువ్వు కూర్చున్నట్టే తెలీదు" అన్నాడు. మూటనెత్తి కుర్చీలో పెట్టారు. అది ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు. కుర్చీ వార్నిష్‌కి వెళ్ళిపోయింది.

వదిన మొహం చిన్నబోయింది. పైకి వెళ్ళి కిటికీ దగ్గర నిలబడింది. మోకాలి నొప్పి ఇచ్చేసింది, గురక ఇచ్చేసింది, సగం జుట్టు కూడా ఇచ్చేసింది, దేనికీ బాధలేదు. కానీ ఆ ఊఁ ఇచ్చేస్తానని ఎవరితో అంది? ఇన్నేళ్ళు ఆ కొట్లో తనకున్నదల్లా బరువేనా? అదే అయితే ఇక కిందికి దిగి ప్రయోజనమేంటి?

అలా ఉండగా గ్రంథాలయం పెద్దాయన వచ్చాడు. చదువుకునే గది నిండా కొత్త కుర్చీలు కావాలట. పొద్దున వచ్చి కూర్చున్నవాళ్ళు తలుపులేసే వేళకి గానీ లేవరట. అన్నీ చెప్పి, మాటలు విని కిందికి దిగొచ్చి ఎదురుగా నిలబడ్డ వదిననే చూస్తూ, "వదిన గారు కనిపించరేం?" అన్నాడు.

"నేనేనండీ."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "మీరేనా? సరే సరే. మీరు చూసిన కుర్చీలే పంపాలి మరి."

"ఇప్పుడు మూట ఉందండీ" అన్నాడు మేస్త్రి, స్వెట్టర్ వైపు చూపించి.

"మూటలు మా దగ్గరికి చదువుకోవడానికి రావు మేస్త్రి గారూ" అని ఆయన వెళ్ళిపోయాడు.

వదినకి ప్రాణం లేచొచ్చింది. నాలుగు రోజుల్లో మొదటి కుర్చీ తయారైంది. ఆవిడ చేతులు తుడుచుకుని వచ్చి, పాత పద్ధతిలోనే కూర్చుంది. కిర్రుమనలేదు. కానీ పలక కింది నుంచి రెండు రాళ్ళు గుచ్చుకున్నట్టయింది. సర్దుకుంది. ఇంకా గుచ్చుకుంది. వెనక్కి వాలితే వెన్నుపూసలు ఒక్కొక్కటే వీపు పట్టె మీద లెక్క చెప్పాయి. ఇదే కుర్చీ, ఇదే పలక, ఇన్నేళ్ళలో ఒక్కనాడూ తెలియలేదు. ఎలా తెలుస్తుంది, పరుపు తనతోనే ఉండేది కదా.

ఇప్పుడు ఊఁ అంటే ఆయన సంతోషిస్తాడు, తన చోటు తనకి దక్కుతుంది. నోటిదాకా వచ్చింది కూడా. అంతలో, పొద్దంతా ఇందులో కూర్చుని చదువుకోబోయే ఎవరో బక్కపిల్ల కళ్ళ ముందు మెదిలింది.

"ఊహూఁ" అంది.

మేస్త్రి ఉలిక్కిపడ్డాడు. "ఎక్కడ కిర్రుమంది?"

"ఎక్కడా లేదు. గుచ్చుకుంటోంది."

ఆయన వంగి పలకంతా అరచేత్తో తడిమాడు. "మేకు లేదు, చెక్క పేడు లేదు. ఏం గుచ్చుకుంటోంది?"

"ఎముకండీ. నాదే."

"మరి తప్పు నీ ఎముకదా, నా కుర్చీదా?"

"ఎముకలు అందరికీ ఉంటాయి కదండీ."

"మా నాన్న చేసిన తీరు ఇది. ఒక్కడంటే ఒక్కడు వంక పెట్టలేదు." మేస్త్రి ముఖం ముడుచుకుని ఉలి అందుకున్నాడు. "మూట నయం" అని గొణిగాడు. అది వదినకి వినబడింది.

ఆ పూట ఎవరి పనిలో వాళ్ళు పడ్డారు. వదిన మాత్రం చుట్టూ చూడడం మొదలుపెట్టింది. అత్తగారు ఎప్పుడూ మంచం అంచునే కూర్చుంటుంది, కుర్చీ వేస్తే "నాకిక్కడే బాగుందమ్మా" అంటుంది. మరిది వార్నిష్ డబ్బా బోర్లించుకుని కూర్చుంటాడు. ఇక మేస్త్రి పని నిలబడి, టీ నిలబడి, అన్నం కూడా పనిబల్ల దగ్గర నిలబడే నాలుగు ముద్దల్లో ముగిస్తాడు. ఆయన తన కుర్చీలో తను కూర్చోగా ఈ ఇంట్లో ఎవరూ చూడలేదు. ఎదురుగా దిండ్ల కొట్టు. ఈ వీధిలో ఏ కొట్టూ నడవని రోజుల్లో కూడా అది కళకళలాడుతూనే ఉండేది. మేస్త్రి ఎదురుపడితే ఆ దిండ్లావిడ లేచి నిలబడి మరీ పలకరించేది. ఆ మర్యాద ఎందుకో వదినకి ఆ రోజే అర్థమైంది.

మర్నాడు మధ్యాహ్నం తన గిన్నె, ఆయన పళ్ళెం కిందికి తెచ్చి బల్ల మీద పెట్టింది. గ్రంథాలయం కుర్చీ ఆయన వైపు లాగింది.

"నాతో కూర్చుని తినండి."

"నిలబడి తింటాలే."

"ఒక్కదాన్నే తింటుంటే తొందరపడుతున్నాను. ఆ రోజు ఏమైందో చూశారు కదా. నేను ముగించేదాకా ఎదురుగా కూర్చోండి, చాలు."

ఆ మాట అన్నాక ఆయన కాదనలేడు. కూర్చున్నాడు. వదిన తను కూర్చోవడానికి మరిది చేత మూటని బల్ల దగ్గరికి ఈడ్పించుకుని, దాని మీద కూర్చుంది.

"పెద్దొదిన మీద చిన్నొదిన" అన్నాడు మరిది.

మేస్త్రి పళ్ళెం ఎప్పటిలాగే చిటికెలో ఖాళీ అయింది. వదిన అప్పటికి గుడ్డు పెంకు తీసింది. చిన్న ముక్క తుంచి నోట్లో వేసుకుని నమిలింది. చెంచా కింద పెట్టింది. ఆపరేషన్ నాటి నుంచి జరిగిన కబుర్లన్నీ ఒకటొకటే ఎత్తుకుంది. ఆయన ఊఁ కొడుతూ కుడికి జరిగాడు. ఆవిడ మరో ముక్క తుంచింది. ఆయన ఎడమకి జరిగాడు. కాసేపటికి ఒక చెయ్యి తొడ కింద పెట్టుకున్నాడు. ఇంకాసేపటికి రెండోది కూడా.

"ఏమైందండీ?"

"ఏం లేదు. నువ్వు తిను. నిదానంగా తిను." అంటూనే పళ్ళు బిగబట్టాడు. "ఇంకా ఎంతుంది?"

"పెరుగు ఉంది."

మరిది గోడ వైపు తిరిగాడు, భుజాలు మాత్రం కదులుతున్నాయి. పెరుగు సగం అయ్యేసరికి మేస్త్రి లేచి నిలబడ్డాడు. నడుం పట్టుకుని కుర్చీ వైపు చూశాడు, ఆ చూపులో కోపం లేదు. వాళ్ళ నాన్నని మొదటిసారి చూసినట్టు చూశాడు.

"ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదేం?" అన్నాడు.

"నేను బాగుందంటుంటే వాళ్ళెందుకు చెప్తారండీ. ఎదురు కొట్లో దిండు కొనుక్కుని పోయారు." వదిన లేచింది. "నన్ను కాదని మూటని పెట్టుకున్నారు మీరు."

"కాదని కాదే." ఆయన గొంతు తగ్గింది. "ఎముకలు పైకి తేలిపోయాయి నీకు. కుర్చీ విరిగితే దాంతోపాటు నువ్వెక్కడ విరుగుతావోనని."

వదిన ఖాళీ పళ్ళెం తీసి పక్కన పెట్టింది. అప్పుడే మేస్త్రికి ఒకటి తోచింది. ఆయన చూపు మూట మీద నిలిచిపోయింది. ఆవిడ కూర్చున్న చోట స్వెట్టర్ కింద ఇసుక ఒదిగి, పక్కపక్కనే రెండు పల్లాలు పడ్డాయి, మధ్యలో సన్నటి మిట్ట, ముందుకి వాలుగా. "కదలనివ్వకురా దాన్ని" అని తమ్ముడికి చెప్పి, మోకాళ్ళ మీద వంగి, జానతోనూ నాలుగు వేళ్ళ బెత్తతోనూ ఆ పల్లాలన్నీ కొలిచాడు.

సాయంత్రం దాకా ఉలి చప్పుడే. పలకలో ఆ పల్లాలే తొలిచాడు. వీపు పట్టెని కాస్త వెనక్కి వాల్చాడు. మూటనెత్తి పెట్టి కాళ్ళు చూశాడు, గట్టిగానే ఉన్నాయి. మూటని దించి, కుర్చీని చేత్తో దులిపి, వదిన ముందు పెట్టి పక్కకి నిలబడ్డాడు.

వదిన కూర్చుంది. కదిలింది. వాలింది. కళ్ళు మూసుకుంది. ఎంతకీ తెరవలేదు. అన్నదమ్ములిద్దరూ వంగి మొహంలోకి చూస్తున్నారు.

"వదినా, నిద్రపోయావా?"

"పోనివ్వరేం" అంది. కళ్ళు తెరిచి మేస్త్రి వైపు చూసి, అప్పుడంది, "ఊఁ."

అత్తగారు చప్పుడు విని కిందికి దిగొచ్చింది. ఎవరూ రమ్మనకుండానే ఆ కుర్చీలో కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "మీ నాన్న కుర్చీలు మరీ గుచ్చుకునేవిరా" అంది కొడుకుతో. "పాపం, ఆయన మనసు కష్టపెట్టుకుంటాడని నలభై ఏళ్ళు మంచం అంచునే కూర్చున్నాను."

గ్రంథాలయానికి కుర్చీలు వెళ్ళాయి. అక్కడ కొందరిని తలుపులేసే వేళ లేపి పంపడం కష్టమైపోయిందట. దిండ్లావిడ నెల్లాళ్ళు మేస్త్రిని చూసి లేచి నిలబడడం మానేసింది. తర్వాత పరుపుల వ్యాపారంలోకి దిగి మళ్ళీ పలకరించింది. మూట ఇప్పటికీ ఆ కొట్లోనే ఉంది, ఆ నీలం స్వెట్టర్‌తోనే. ముందు పెద్దొదిన కూర్చుని కాళ్ళ సంగతి చూస్తుంది, తర్వాత చిన్నొదిన కూర్చుని మనిషి సంగతి చూస్తుంది. మేస్త్రి మాత్రం మధ్యాహ్నం పూట కూర్చునే తింటున్నాడు, ఆవిడ గిన్నె ఖాళీ అయ్యేదాకా.

ఇదీ సంగతి. విని ఊరుకోకండి, గుర్తుపెట్టుకోండి. రేపు ఎవరైనా మీ దగ్గర నడుం పట్టుకుని కుర్చీలోంచి లేస్తే, వాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని ఇదంతా చెప్పండి. మరిది మాటలు మాత్రం వదిలేయకండి. అవి పోతే వదిన నవ్వు కూడా పోతుంది.