జైరు దేశపు చుట్టం

ఎనభై ఎనిమిది జూలైలో బర్మాలోని తన్లిన్ చమురు కర్మాగారం జెట్టీకి వచ్చిన ఓడ ఒకటి తన మనుషుల్లో ఒకణ్ణి వదిలేసి వెళ్ళిపోయింది. అతని పేరు ముకెండీ. ఇంజను గదిలో పని. జ్వరంతో ఒళ్ళు తెలియకుండా పడి ఉంటే ఓడ ఏజెంటు అతన్ని నది దాటించి రంగూన్ ఆసుపత్రిలో చేర్పించాడు. లేచి నడవగలిగాక పడవెక్కి జెట్టీకి వచ్చి చూస్తే అక్కడ ఓడ లేదు, బురదనీళ్ళు ఉన్నాయి.

జెట్టీలో క్రేను నడిపే డేనియల్ ఆ సాయంత్రం అతన్ని ఇంటికి తీసుకొచ్చాడు. గుమ్మంలో నిలబడ్డ మనిషిని చూసి ఎస్తేరు రాణి చేతిలో గరిటె చేతిలోనే ఉండిపోయింది. అంత పొడుగు మనిషిని వాళ్ళ తెలుగు వీధి చూసి ఎరగదు. చెంపలు పీక్కుపోయి, చొక్కా భుజాల మీద వేలాడుతోంది.

“ఎవులితను?” అంది మొగుడితో.

“ఓడ మనిషి. జైరు దేశమంట. ఆఫ్రికాలో ఉందంట. ఏజెంటు బాబు రేపు రా, మాపు రా అంటన్నాడు. ఎక్కడుంటాడు, పాపం?”

“మనకే సోటు లేదు గదా.”

“సర్చి ఎనకాల గది కాళీయే గదా. తాళం నీ కాడే ఉంది.”

తెలుగు బాప్టిస్టు చర్చి ఊడ్చేది, బల్లలు తుడిచేది, ఆదివారం గంట కొట్టేది ఎస్తేరు రాణే. తాళం ఇవ్వడానికి ఆమెకు మనసొప్పలేదు. ముందు అన్నం పెట్టింది. రెండు ముద్దలు తిన్నాక అతను నమలడం ఆపి, కాసేపు కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. ఆమె ఇంకో గరిటె చారు పోసి, చాప ఒకటి చంకన పెట్టుకుని గది తీయడానికి వెళ్ళింది.

రాత్రి ఇంట్లో ఉండే ప్రతి పరాయి మనిషి గురించీ పేట ఆఫీసులో చెప్పుకోవాలన్నది అక్కడి చట్టం. డేనియల్ మర్నాడు వెళ్ళి చెప్పాడు. గుమాస్తా పేరు రాసుకున్నాడు, ఊరు రాసుకున్నాడు. తరవాత, “లూమ్యో?” అన్నాడు. లూమ్యో అంటే జాతి. బర్మాలో మనిషి పేరు తరవాత అడిగే మాట అదే. డేనియల్ “జైరు” అన్నాడు. అది దేశం, జాతి కనుక్కుని రమ్మన్నాడు గుమాస్తా.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర డేనియల్ తన రేవు ఇంగ్లీషులో అదే అడిగాడు. ముకెండీ తన ఓడ ఇంగ్లీషులో జవాబిచ్చాడు. మిషను బళ్ళో చదువుకున్న ఎస్తేరు రాణికి సగం అర్థమైంది, మిగతా సగం డేనియల్ చెప్పాడు.

“మా దేశంలో రెండు వందల జాతుల పైమాటే,” అన్నాడు ముకెండీ. “మేం లూబాలం. సముద్రం వైపు కాంగోలు, నది నడుమ అడవుల్లో మోంగోలు, గనుల వైపు లూండాలు, ఉత్తరాన అజాండేలు. ఇంకా ఎందరో. దేశంలో సగం మేమే అని చెప్పుకోగల జాతి ఒక్కటీ లేదు. ఇంట్లో అమ్మతో ఒక భాష, బజార్లో ఇంకో భాష, సిపాయి ఆపితే లింగాల, ఆఫీసులో ఫ్రెంచి. నా భార్య మోంగో. మేం దెబ్బలాడుకుంటే లింగాలలోనే దెబ్బలాడుకోవాలి. అది ఆవిడదీ కాదు, నాదీ కాదు.”

ఎస్తేరు రాణి నవ్వింది. “మరి మీ ఊరేది?”

అతను నాన్న దగ్గర మొదలుపెట్టాడు. వాళ్ళ నాన్న కసాయి అనే సీమ నుంచి కటంగా రాగి గనుల్లో పనికి వచ్చాడట. ముకెండీ పుట్టింది కటంగాలోనే. స్వాతంత్ర్యం వచ్చాక అక్కడి వాళ్ళు, మీరు మా వాళ్ళు కారు, మీ కసాయికి పొండి అన్నారు. ఇళ్ళు తగలబెట్టారు. అతని చిన్నతనంలో కొంత భాగం గుడారాల్లో గడిచింది.

“కసాయి ఎట్లా ఉంటుందో అప్పటికి నేను చూడనే లేదు,” అన్నాడు.

డేనియల్ కంచంలో చెయ్యి ఆడించడం మానేశాడు. అతని తాత విశాఖపట్నం నుంచి వడ్ల మిల్లులో కూలికి వచ్చినవాడు. అప్పటినుంచీ పుట్టుకలూ చావులూ అన్నీ ఇక్కడే. అయినా బజార్లో కోపం వస్తే వాళ్ళని ‘కలా’ అంటారు, ఇండియా మనిషి అని ఈసడింపుగా; ఇంకా కోపం వస్తే ‘కొరింగీ’ అంటారు, కోరంగి రేవు నుంచి దిగిన కూలీ అని. ఈ దేశపు జాతుల్లో వాళ్ళు లేరని ఆరేళ్ళ కిందట చట్టమే చేశారు.

“సూసినావా,” అన్నాడు పెళ్ళాంతో. “ఇతను మనోడే.”

వీధిలో అందరూ అలా అనుకోలేదు. తమలపాకుల బడ్డీ నీలకంఠం గంజాం నుంచి వచ్చిన కుటుంబం వాడు, అరవై దాటినవాడు. డేనియల్‌ని దారిలో ఆపి గట్టిగానే చెప్పాడు.

“అరవై నాలుగులో మనోళ్ళు ఎందరు ఓడలెక్కి ఎలిపోయారో నీకు తెల్దేటి? మిగిలినోళ్ళం నోరు మూసుకుని బతకతన్నాం. ఇప్పుడీ పరాయోణ్ణి తెచ్చి నెత్తి మీద కుంపటి ఎట్టుకుంటావా? రేపేటన్నా అయితే నన్ను పిలవకు.”

ఆగస్టులో సర్కారు మీద దేశం లేచింది. విద్యార్థులు, రేవు కూలీలు, నర్సులు, ఎర్ర కాషాయాల బౌద్ధ భిక్షువులు వీధుల్లోకి వచ్చారు. సైన్యం కాల్చింది. జనం మళ్ళీ వచ్చారు. కర్మాగారం ఆగిపోయింది, డేనియల్ క్రేను ఆగిపోయింది. నదికవతల ఏజెంటు ఆఫీసుకు తాళం పడింది. విమానాలు రావడం మానేశాయి, జాబులు నిలిచిపోయాయి. ముకెండీ కోసం తంతి పంపుదామన్నా తంతి ఆఫీసులో మనిషి లేడు. ప్రపంచానికీ తమకూ మధ్య ఎవరో తలుపు మూసినట్టయింది.

ముకెండీ ఖాళీగా కూర్చోలేదు. చర్చి కప్పు రేకులు బిగించాడు. ఎస్తేరు రాణికి కట్టెలు కొట్టిపెట్టాడు. ఆమెను “మాము” అని పిలిచేవాడు. వాళ్ళ భాషలో అమ్మ అని. ఆమె మొదట్లో సిగ్గుపడింది, తరవాత అలవాటు పడింది.

సెప్టెంబరు వచ్చేసరికి పేట ఆఫీసులో గుమాస్తాలే లేరు. ప్రతి వీధి మొగకీ వెదురు కంచె కట్టి, జనమే కాపలా కాస్తున్నారు. జైళ్ళ తలుపులు తెరుచుకున్నాయి. సర్కారు మనుషులు నీళ్ళలో విషం కలుపుతున్నారని పుకారు పుట్టింది. నదికవతల పేటల్లో అలా అనుమానించి కొందరిని నరికేశారని కూడా చెప్పుకున్నారు.

ఒక పొద్దున ఎస్తేరు రాణి కూతురు టీనా పరిగెత్తుకుంటూ వచ్చింది. పదిహేడేళ్ళ పిల్ల. ఊరేగింపులకి వెళ్ళి వెళ్ళి గొంతు బొంగురుపోయింది.

“మమ్మీ! అంకుల్‌ని పట్టుకున్నారు! సెరువు కాడ! పాయిజన్ కలుపుతున్నాడనీసి కట్టేసారు!”

ఎస్తేరు రాణి కడుగుతున్న గిన్నె కింద పెట్టేసింది. బట్టలు ఉతుక్కోమని సబ్బుపొడి పొట్లం కట్టి ఇచ్చింది తనే. డేనియల్ బియ్యం కోసం ఊరి మీద పడి తిరుగుతున్నాడు. అతను వచ్చేదాకా ఆగే వ్యవధి లేదు. ఆమె చేతులైనా తుడుచుకోకుండా బయల్దేరింది. నీలకంఠం బడ్డీలోంచి కేకేశాడు.

“ఎస్తేరమ్మా, ఎల్లకు! మనం కలగజేసుకుంటే కలాలందరూ కలిసి సేసారంటారు! వీదంతా తగలెడతారు!”

“అయితే నువ్వూ రా మావా,” అంది, ఆగకుండా.

చెరువు గట్టున వందమంది దాకా ఉన్నారు. కత్తులున్నాయి, బరిసెలున్నాయి. ముకెండీ చేతులు వెనక్కి కట్టి మోకాళ్ళ మీద కూర్చోబెట్టారు. కనుబొమ్మ చిట్లి రక్తం కారుతోంది. ఎదురుగా మఠం నుంచి వచ్చిన ముసలి సయాడో, పెద్ద భిక్షువు, ముక్కాలిపీట మీద కూర్చుని ఉన్నాడు. ఆయన వచ్చి కూర్చున్నాడు గనకే కత్తి ఇంకా లేవలేదు.

ఎస్తేరు రాణి ఆయన ముందు మోకరిల్లి బర్మా భాషలో చెప్పింది. “స్వామీ, అది సబ్బుపొడి. నేనే ఇచ్చాను.”

సయాడో పొట్లం విప్పించి గిన్నెలో నీళ్ళు పోయించాడు. నురగ వచ్చింది. జనంలో కొందరు ఊపిరి వదిలారు. కానీ తలకి ఎర్రగుడ్డ కట్టుకున్న ఒకడు ఒప్పుకోలేదు.

“సబ్బు పైకి చూపించడానికి! ఎన్నిసార్లు అడిగినా వీడు నోరు విప్పడు. బర్మా రాదు. సర్కారు పరదేశీ కిరాయి మనుషుల్ని దింపిందని అంటున్నారు. వీడు ఎవడు? ఏ లూమ్యో?”

జైరు అంటే నమ్మరని ఆమెకు తెలుసు. పరదేశీ అన్న మాట ఆమె నోటినుంచి రాగానే అతని పని అయిపోతుంది.

“మావాడే,” అంది. “మా పినతల్లి కొడుకు. కలా. కొరింగీ.”

తన నోటితో తనని తాను ఆ మాట అనుకోవడం ఆమెకు జీవితంలో అదే మొదలు.

“అయితే మీ భాషలో మాట్లాడించు.”

ఆమె ముకెండీ వైపు తిరిగింది. అతని కళ్ళు ఆమె మొహం మీదే ఉన్నాయి. “ఏదో ఒకటి మాటాడు నాయనా,” అంది తెలుగులో. “నీ బాసలోనే మాటాడు. ఆపకు.”

ఏం అర్థమైందో గానీ అతను మొదలుపెట్టాడు. తన లూబా భాషలో, మెల్లగా, ఒక్కో మాటా వదులుతూ. అతను ఆగినప్పుడల్లా ఆమె అందుకుంది.

“అవును మరి, నీకు సెప్పలేదేటి, ఒక్కడివీ సెరువుకి ఎల్లొద్దని?”

అతను ఇంకా చెప్పాడు. కళ్ళనీళ్ళు జారాయి.

“సాల్లే, ఏడవకు. చేపల పులుసు కాసాను. బేగి ఇంటికెల్దాం. మీ బావ వత్తే నన్ను తిడతాడు.”

ఎర్రగుడ్డవాడు వాళ్ళిద్దరినీ మార్చి మార్చి చూశాడు. అతనికి ఆ రెండు భాషలూ ఒకటే మోత. అయినా వదలలేదు. ఎప్పుడొచ్చాడో, జనం వెనకాల నిలబడ్డ నీలకంఠాన్ని వేలెత్తి చూపాడు. అతని దగ్గర ఆకులు కొనని ఇల్లు ఆ పేటలో లేదు.

“ఓ పెద్దాయనా! నువ్వూ కొరింగీవేగా. ఇది మీ భాషేనా?”

నీలకంఠం జనాన్ని తప్పించుకుంటూ ముందుకొచ్చాడు. మొహాన చెమటలు. ఎస్తేరు రాణి అతని వైపు చూడలేదు. చూస్తే తను అడుక్కుంటున్నట్టు అందరికీ తెలిసిపోతుంది.

“మా భాషే,” అన్నాడు బర్మా భాషలో. “కొండల వైపు వాళ్ళు. యాస మోటుగా ఉంటుంది. నాకే సగం అర్థం కాదు.” తరవాత ముకెండీ దగ్గరకు వెళ్ళి, “లేరా, ఎదవా,” అని తెలుగులో అరిచి వీపు మీద ఒక్కటిచ్చాడు. “నీవల్ల మా పరువు పోయింది గదరా!”

ఆ దెబ్బకి ఎవరో నవ్వారు. చుట్టాల్ని తప్ప పరాయివాణ్ణి ఎవరూ అలా కొట్టరు. సయాడో చెయ్యెత్తాడు. కట్లు విప్పేశారు.

ఇంటికొచ్చాక ముకెండీ అన్నం ముట్టలేదు. ఎస్తేరు రాణి అతని కనుబొమ్మకు గుడ్డ తడిపి అద్దుతుంటే ఇంగ్లీషులో అడిగాడు. “మాము, అక్కడ నువ్వు ఏమన్నావు?”

ఆమె చెప్పింది. పులుసు సంగతి కూడా.

“నన్ను చంపేస్తారనుకున్నాను,” అన్నాడు. “నా పిల్లల పేర్లు చెప్పాను. నా భార్య ఊరి పేరు చెప్పాను. ఎవరైనా ఒకరు వినాలని.”

ఆమె చేతిలో గుడ్డ ఆగిపోయింది. అంత పెద్ద మాటలకు తను పులుసు జవాబిచ్చింది. నవ్వాలో ఏడవాలో తెలియక ఆ రెండూ చేసింది. అతను కూడా.

ఆ నెల మూడో వారంలో సైన్యం ప్రభుత్వాన్ని చేతుల్లోకి తీసుకుంది. వెదురు కంచెలు పీకేశారు. కాల్పులు జరిగినన్నాళ్ళూ టీనాని ఇల్లు కదలనివ్వలేదు. ఆమె స్నేహితులు కొందరు సరిహద్దు అడవుల్లోకి వెళ్ళిపోయారు. కొందరి జాడే తెలియలేదు. ముకెండీ చర్చి గదిలోనే ఉన్నాడు. చలికాలం మొదలయ్యాక ఏజెంటు ఆఫీసు తెరిచారు, సింగపూరు పోయే బియ్యం ఓడలో అతనికి చోటు దొరికింది. రేవులో డేనియల్ అతన్ని కౌగిలించుకుంటే తల అతని గుండె దాకే వచ్చింది. ఎస్తేరు రాణి ఎండుచేపల మూట ఇచ్చింది. ఓడలో వాళ్ళు కంపు అంటారేమో అని దిగులుపడింది గానీ వెనక్కి తీసుకోలేదు.

తిరిగి వస్తూ ఆమె ఒక్కతే నీలకంఠం బడ్డీ దగ్గర ఆగింది. చెరువు గట్టు సంగతి వాళ్ళిద్దరూ ఇన్నాళ్ళూ ఎత్తలేదు. అతను తడిగుడ్డతో ఆకులు తుడుస్తున్నాడు.

“ఎలిపోయాడా?”

“ఎలిపోయాడు మావా.”

ఒక ఆకు తీసి సున్నం రాయసాగాడు. “ఆయేళ ఆడు ఏటన్నాడు? నీకేటైనా తెలిసిందా?”

“పిల్లల పేర్లు సెప్పాడంట.”

నీలకంఠం తలెత్తాడు. “ఎంతమంది?”

“నలుగురు. ఒకడు జోసెఫంట. ఇంకో గుంట పేరు ఎంబుయి. తక్కినోళ్ళవి నోరు తిరగలేదు.”

“ఎంబుయి,” అన్నాడు అతను, మెల్లగా, పలికి చూసుకుంటున్నట్టు. కిళ్ళీ చుట్టి ఆమె చేతికిచ్చి, మళ్ళీ ఆకులు తుడుచుకోసాగాడు.