టిక్కు తీసిన గోత్రం

హెర్న్‌డన్‌లో టైర్ల షాపు పక్కన అద్దెకు తీసుకున్న గుడిలో శనివారం అర్చన అంటే రాగిణి ఉండాల్సిందే. అర్చకులు దత్తాత్రేయ శర్మగారి పక్కన నిలబడి, వచ్చినవాళ్ల ముఖం చూసి గోత్రం, నక్షత్రం అందించేది. "మా ఆయన నక్షత్రం నేను మరిచినా రాగిణిగారు మరవరు" అని ఆడవాళ్లు నవ్వుతుంటే ఆమెకు కడుపు నిండిపోయేది.

అదంతా రేణు వచ్చేదాకా. రేణు సాఫ్ట్‌వేర్ పిల్ల. భక్తుల వివరాలన్నీ టాబ్లెట్‌లోకి ఎక్కించి, 'శనివారం అర్చన', 'పుట్టినరోజులు' అంటూ వ్యూలు, అంటే విడివిడి జాబితాలు, తయారుచేసి సేవ్ చేసిపెట్టింది. ఏది కావాలంటే దాని మీద నొక్కితే చాలు, ఆ పూట చదవాల్సిన పేర్లే గోత్రాలవారీగా కనిపిస్తాయి. మిగతావి కనపడవు. శర్మగారు కళ్లజోడు సర్దుకుని చదువుకుంటూ పోతారు. పక్కన మనిషితో పనిలేదు.

"నువ్వు రాకముందు ఎలా నెట్టుకొచ్చామో రేణమ్మా" అన్నారాయన ఒకసారి. నెట్టుకొచ్చింది తనే కదా! రాగిణికి ముల్లు గుచ్చుకున్నట్టయింది. పైగా గుడికి వచ్చే రజినిని, రాగిణి ఈడుదే అయినా, రేణు అక్కా అంటుంది. రాగిణిని మాత్రం ఆంటీ అంటుంది.

ఆ శనివారం రాగిణికి గుడిలో సొంత పని కూడా ఉంది. రెడ్‌మండ్‌లో ఉన్న కూతురు అదితి కడుపులో బిడ్డ అడ్డం తిరిగింది. సోమవారం ఆపరేషన్. రాగిణి ఆదివారం ఫ్లైట్‌కి వెళుతోంది.

"అమ్మా, అర్చనకి ఆన్‌లైన్‌లో మా పేర్లిచ్చా, లైవ్‌లో చూస్తా. శర్మ అంకుల్ నా నేమ్ చదవాలి, ఓకే? కొంచెం భయంగా ఉంది" అంది అదితి ఫోన్‌లో.

"నీ పేరు చదవకుండా ఇక్కడ హారతి వెలగదు" అంది రాగిణి.

గుడికి వెళ్లగానే రేణు టాబ్లెట్ పట్టుకుని ఎదురొచ్చింది. "ఆంటీ, మీరూ నేర్చేసుకోండి, చాలా ఈజీ. ఇది ఫిల్టర్. గోత్రం పక్కన టిక్కు తీస్తే ఆ గోత్రంవాళ్లు కనపడరు. పెడితే వస్తారు. చివర సేవ్ కొట్టాలి, అంతే."

"నాకెందుకమ్మా, అన్నీ నా బుర్రలోనే ఉన్నాయిగా."

"మీ బుర్రకి బ్యాకప్ లేదు కదా ఆంటీ."

రజిని కిసుక్కున నవ్వింది. రాగిణి కూడా నవ్వింది, పెదవులతో.

రేణు పులిహోర గిన్నె తేవడానికి లోపలికి వెళ్లింది. టాబ్లెట్ పీట మీద ఉంది. రేణు వాళ్లది కౌండిన్యస గోత్రం. రాగిణి చెయ్యి తనంతట తానే వెళ్లినట్టు వెళ్లింది. ఫిల్టర్ తెరిచింది, టిక్కు తీసింది, సేవ్ కొట్టింది. ఒక్క శనివారం రేణు పేరు వినపడకపోతే ఏం మునిగిపోతుంది? చదవకపోతే మాత్రం స్వామికి తెలియదా? పాపం కాదులే అనుకుంది.

అర్చన మొదలైంది. భారద్వాజస, హరితస, కాశ్యపస. హరితసలో భర్త భానుప్రకాష్ పేరు, తన పేరు వచ్చాయి. శర్మగారు చివరి పేరు చదివి హారతి పళ్లెం అందుకున్నారు.

"అదితి పేరు రాలేదేమే?" అన్నాడు భానుప్రకాష్.

చేతిలో ఫోన్ అదిరింది. 'అమ్మా, నా నేమ్ మిస్ అయిందా?'

అప్పుడు తట్టింది రాగిణికి. అదితి ఇప్పుడు హరితస గోత్రం కాదు. ఊరందరి గోత్రాలూ గుర్తున్న తనకు, తన చేతులతో నీళ్లు పోసి కన్యాదానం చేసిన కూతురి గోత్రం గుర్తులేదు. అల్లుడు నీల్‌ది కౌండిన్యస.

చదవకపోయినా స్వామికి తెలుసు అనుకున్న మాట ఇప్పుడు నోట రాలేదు. ఎప్పటిలా నోటితో అందించాలని కూడా తోచక, పరుగున వెళ్లి టాబ్లెట్ మీద వేలు పెట్టింది. పుట్టినరోజుల పేర్లు వచ్చాయి. ఇంకోచోట నొక్కింది. అంతా తెల్లగా అయింది.

"హారతి ఇవ్వనా అమ్మా?" అన్నారు శర్మగారు.

"ఒక్క క్షణం ఆగండి." అందరూ చూస్తున్నారు. రాగిణి టాబ్లెట్ ఎత్తి పట్టుకుంది. "రేణూ, ఇలా రా తల్లీ. అదితి పేరు కనపడడం లేదు."

రేణు వచ్చి ఫిల్టర్ తెరిచింది. టిక్కులన్నీ ఉన్నాయి, ఒక్కటి తప్ప. ఆ పిల్ల వేలు అక్కడే ఆగింది. తలెత్తి రాగిణిని చూసింది. చూపు మళ్లీ దించేసింది.

"ఏం పోలేదు ఆంటీ, కనపడకుండా ఉన్నాయంతే" అని టిక్కు పెట్టి, శర్మగారి వైపు తిరిగింది. "ముందు అదితి పేరు చదవండి శర్మగారూ. మావి తర్వాత చదవచ్చు."

"కౌండిన్యస గోత్రోద్భవస్య, నీల్ నామధేయస్య, ధర్మపత్నీ అదితి నామధేయవత్యాః..."

రాగిణి కళ్లు మూసుకుంది. ఆ పిల్ల నలుగురిలో నిలదీసినా బాగుండేది. తెలివి ఇచ్చావు సరే, ఈ మంచితనం కూడా దానికే ఇవ్వాలా స్వామీ?

ప్రసాదం దగ్గర రేణు పులిహోర పెడుతూ, "రెడ్‌మండ్ నుంచి వచ్చాక మీకు మొత్తం నేర్పిస్తా ఆంటీ" అంది.

"తీయడం వచ్చు రేణూ" అంది రాగిణి దొన్నెలోకి చూస్తూ. "పెట్టడమే నేర్పాలి."

రేణు ఇంకాస్త పులిహోర పెట్టింది. "తినండి ఆంటీ, చల్లారిపోతుంది."

ఆ 'ఆంటీ' అన్న పిలుపు మాత్రం రాగిణికి ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.