మూడు ముళ్ల కుట్టు

ఎంత వంకర కుట్లు, తమ ఫ్యాక్టరీలో అయితే సూపర్‌వైజర్ ఆ బట్టను మొహాన కొట్టి మొత్తం విప్పమనేవాడు, అనుకుంటూ ఆమె చూపు మళ్లీ పిల్ల స్కర్టు అంచు మీదికే పోయింది, కోర్టు వరండాలో ఈ బెంచీ మీద తను, ఎదురు బెంచీ మీద అక్క, మధ్యలో మునివేళ్ల మీద లేచి నోటీసు బోర్డు కూడబలుక్కుని చదువుతున్న పిల్ల, ఏడేళ్లది, కన్నది తను, పెంచింది అక్క, ఇంకో అరగంటలో దత్తత కాగితం మీద ఒక్క సంతకం పెడితే కన్నదనే ముక్క కూడా ఇక చెల్లదు, లాయరమ్మ మెత్తగానే చెప్పింది, ఇకమీదట పాప మీద మీకు ఏ హక్కూ ఉండదమ్మా, బాగా ఆలోచించుకున్నారా, ఆలోచించుకోకేం, ఆరేళ్లుగా అదేగా పని, కాలర్లు కుడుతూ అదే, పిల్లల్ని ఉంచుకోనివ్వని ఫ్యాక్టరీ హాస్టల్ మంచం మీదా అదే, ఏడాది పిల్లను అక్క చేతిలో పెట్టి, ఆరు నెలల్లో వచ్చి తీసుకుపోతానే అక్కా, అంది, ఆ ఆరు నెలలూ ఆరేళ్లయ్యాయి.

పిల్ల తుమ్మింది, వెనక్కి చూడకుండానే చెయ్యి చాచింది, అక్క కూడా చూడకుండానే సంచీలోంచి రుమాలు తీసి ఆ చేతిలో పెట్టింది, ఒక్క మాట లేదు, ఆ మాట లేకపోవడమే ఆమె ఒళ్లు మండించింది, ఇంతగా తెలిసిపోవాలా ఒకళ్లకొకళ్లు, తనూ గౌను తెచ్చింది, నెల రోజులు భోజనం గంటలో కూర్చుని లేసు పెట్టి గీత గీసినట్టు కుట్టింది, పొద్దున తొడగబోతే చంకల దగ్గరే ఆగిపోయింది, ఫోన్లో చూసి వేసిన అంచనా, ఫోన్లో పిల్లలు పెరగరు కాబోలు, పర్లేదు పిన్నీ, దాచుకుంటాలే, అంది పిల్ల తనను ఓదారుస్తున్నట్టు, పిన్నీ అట, అమ్మా అన్న పిలుపు మాత్రం ఆ బెంచీకి, కుళ్లు, అవును కుళ్లే, దానికి ఇంకో ముద్దుపేరెందుకు.

పోయినేడు పిల్లకు కడుపులో ఆపరేషన్, తల్లి సంతకం కావాలన్నారట, తల్లిని నేనేనని అక్క అంటే కాగితం చూపించమన్నారట, తన ఫోను ఫ్యాక్టరీ లాకర్లో మోగీ మోగీ ఆగిపోయింది, నాలుగు గంటలు ఆపరేషన్ ఆపేశారట, నీ పిల్లను లాక్కోవాలని కాదే, ఇంకోసారి అలా ఆస్పత్రి గుమ్మంలో నిలబడి దాని ఏడుపు వినలేనే, అంది అక్క, న్యాయమే, అయినా సంతకం పెట్టను, ఈ బెంచీ మీంచి లేచి బస్సెక్కేస్తాను, ఎవరేం చేస్తారు, అన్నీ ఆవిడకేనా, అనుకుని చెప్పుల్లో కాళ్లు దూర్చేసరికి పిల్ల వచ్చి పక్కన చతికిలబడింది.

స్కర్టు అంచు తిరగబడింది, చేతులకు పట్టిన అలవాటు ఊరుకోదు కదా, లోపలి కుట్టు తిప్పి చూసింది, పిల్ల పెరిగినప్పుడల్లా మడత విప్పి పొడుగు చేసిన పాత గీతలు రెండు, కొత్త మడతకు ఆ వంకర కుట్లు, చివర ఒకటి చాలదన్నట్టు మూడు ముళ్లు, మూడు ముళ్లా, అమ్మ ఎప్పుడూ మూడేస్తుంది పిన్నీ, నేను గెంతుతాగా, అంది పిల్ల, గెంతుతావుగా, సరిగ్గా ఆ మాటే, తమ అమ్మ చనిపోయిన ఏడు తన బడి స్కర్టు పట్టుకుని పద్నాలుగేళ్ల అక్క, కదలకే, నిన్ను కూడా కలిపి కుట్టేస్తా, అంటూ సూది గుచ్చుకున్న వేలు నోట్లో పెట్టుకునేది, ఆ సంచీ, చూడకుండా ఇచ్చే ఆ రుమాలు, అవన్నీ ఒకప్పుడు తనవి, ఎదుటి బెంచీకేసి చూస్తే అక్క ఆమెనే చూస్తోంది, పెదవి కొరుక్కుంటూ, బిక్కచచ్చి.

లోపలికి పిలిచారు, ఎవరూ బలవంతం చెయ్యలేదు కదమ్మా, అడిగారు జడ్జిగారు, లేదండీ, ఆవిడ బాగా చూసుకుంటుందని నమ్మకమేనా, నన్నూ ఆవిడే పెంచిందండీ, అని ఆమె సంతకం పెట్టింది, వెనక అక్క ముక్కు ఎగబీల్చింది, పిల్ల సంచీలో చెయ్యి పెట్టి అక్కకు రుమాలు ఇచ్చింది, కడుపులో మంట చల్లారలేదు, కానీ అది ఎవరి మీదో ఇప్పుడు తెలిసింది, పిల్ల దక్కినందుకు అక్క మీద కాదు, అక్క దక్కినందుకు పిల్ల మీద.