గాజుపెట్టెలో గాలి వీయదు

అక్క చెక్కేది, చెల్లెలు కట్టేది. ఇరవై ఏళ్లుగా ఆ ముందుగదిలో అదే పొత్తు. పూర్వకాలపు తెరచాప ఓడలను రెండడుగుల నమూనాలుగా మలచడం వారి వృత్తి. దేహమంతా అక్కది: పక్కచెక్కలు, ముందు కొమ్ము, వెనుకగది కిటికీలు. నరాలన్నీ చెల్లెలివి: మైనం పూసిన దారాలు, మినపగింజంత కప్పీలు, ఊపిరి బిగబట్టి వేసిన ముళ్లు. అక్క భర్త మాత్రం నిజమైన సముద్రం మీద, నిజమైన ఓడలలో తెరచాపల పెద్దగా పనిచేసేవాడు. "మీ ఓడలకి తడి తెలీదు, నాకు ఆరడం తెలీదు" అని మరదలిని ఆటపట్టించేవాడు.

ఆ ఉదయం అక్క పత్రికను తెచ్చి, చెల్లెలి చేతిలోని దారం మీదే పరిచింది.

"చూడవే. మీ బావ ఓడ."

మూడు వందల ఏళ్ల కిందటి వర్తకనౌకను అచ్చుగుద్దినట్లు, నిలువెత్తున మళ్లీ కట్టారు. పాతదానికి లేదు గనుక ఇంజను కూడా పెట్టలేదు. నేడే తొలి ప్రయాణం; తెల్లవారుజామునే రేవు వదిలి, సముద్రంలో ఒక చుట్టు తిరిగి రావాలి.

"ఈ మాట నీ దగ్గర దాచడానికి నా నాలుక ఎంత కొరుక్కున్నానో. మీ బావ ఒట్టు పెట్టించుకున్నారు, మరదలు పేపర్లోనే చూడాలని. పాత ఓడ తాళ్ల పటాలు ఎక్కడా దొరకలేదట. మ్యూజియంలో ఉన్న మన నమూనాని కొలిచి కట్టారు. నీ ముడి ముడీ."

చెల్లెలు పత్రికలోని బొమ్మను చూసింది. వెనుకగది కిటికీలు తొమ్మిదీ కనిపిస్తున్నాయి. తీగలల్లిన చట్రాలు, చట్రాలపై చేపలు, చేపల పొలుసులు. ఎంత అందంగా ఉన్నాయి. ఒక్క తాడు కూడా అడ్డం లేదు.

ఒక్క తాడు కూడా అడ్డం లేదు.

ఆమె పత్రికను కళ్లకు దగ్గరగా తెచ్చుకుంది.

తెరచాప కొయ్యకు వెనుక నుండి గాలి తోస్తే అది ముందుకు ఒరగకుండా, కొయ్య తల నుండి ఓడ వెనుక భాగానికి తాళ్లు లాగి కడతారు. ఆ ఇంట్లో వాటిని వీపుతాళ్లనేవారు. తొమ్మిదేళ్ల కిందట, ఆ నమూనాకు వీపుతాళ్లు కట్టే వేళ, అవి సరిగ్గా అక్క చెక్కిన కిటికీల మీదుగా పోయాయి. నాలుగు నెలల పని నాలుగు దారాల వెనుక మరుగున పడింది. చెల్లెలికి మనసొప్పలేదు. వాటిని అంగుళంన్నర ముందుకు జరిపి, కొయ్య పక్కనే జిగురుతో అంటించింది. గాజుపెట్టెలో గాలి వీయదు గదా అనుకుంది.

నమూనాలో అంగుళంన్నర. ఓడ మీద ఆరడుగులు.

"అక్కా, ఆ తాళ్లు తప్పు. నేనే మార్చాను" అంది. "నీ కిటికీలు కనబడాలని."

అక్క ముఖంలో నవ్వు ఆగిపోయింది. వేలితో బొమ్మలోని కిటికీలను తడిమింది.

"నాకు తెలుసు" అంది. "ఆ రోజే చూశాను. అడిగితే మళ్లీ వెనక్కి కడతావని అడగలేదు. తర్వాత మరిచేపోయాను."

ఇద్దరూ చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా రేవుకు పరుగెత్తారు. పోతున్నంతసేపూ గాలి వారి ముఖాన కొడుతూనే ఉంది. సముద్రం నుండి ఒడ్డుకు. చెల్లెలు దానికి ఎదురు పరుగెడుతూ లెక్క వేసుకుంది: వెళ్లేటప్పుడు ఓడకు ఈ గాలి పక్క నుండి తగిలి ఉంటుంది, అందుకే ఏమీ కాలేదు. ఇంటికి రావాలంటే మాత్రం ఇది వీపు మీదే రావాలి.

ఓడను పిలవమని అడిగితే, రేవు కార్యాలయంలో వైర్‌లెస్ గుమస్తా తాపీగా పుస్తకం తెరిచాడు.

"కారణం రాయాలమ్మా. ఊరికే పిలిస్తే ఊరుకోరు. ఏమని రాయను?"

భయమేసిందని అనవచ్చు. ఎవరో చెప్పారని అనవచ్చు. ఇరవై ఏళ్ల పేరు, మ్యూజియం గోడ మీది ఇద్దరి పేర్లు, అన్నీ ఆ కలం మొన దగ్గర నిలబడ్డాయి.

"తాళ్లు కట్టిన మనిషి తప్పు కట్టిందని రాయండి. ఆ మనిషిని నేనే."

గుమస్తా ఆమె వైపు ఒకసారి చూసి మీట నొక్కి, ఎవరు పిలుస్తున్నారో ఓడకు చెప్పాడు. గరగర శబ్దం. ఆ వెనుక బావ గొంతు.

"ఏం మరదలా, నీ ఓడ తడిసింది చూశావా."

"బావా, ఇప్పుడు గాలి ఎటు ఉంది?"

"వెనక నుంచే. ఇంటిముఖం పట్టాం. రెండు ఇసుక దిబ్బల మధ్య సందులో ఉన్నాం, తిప్పడానికి చోటు లేదు. ఏం?"

ఆమె చెప్పింది. దాచకుండా, తడబడకుండా, అంగుళంన్నర సంగతి చెప్పింది.

"మా మేస్త్రీ అన్నాడు, ఇవి వెనక్కుండాలని" అన్నాడు బావ. గొంతులో ఆట లేదు. "మా మరదలి చేతికి తప్పు తెలీదని నేనే వాడి నోరు మూయించాను."

"తెరచాపలు దించెయ్, బావా."

"దించాలన్నా ఒకడు పైకెక్కాలి. కొత్త తాళ్లు లాగాలన్నా ఎక్కాలి. ఇందాకటి నుంచి పైన ఏదో మూలుగుతోంది, కొత్త చెక్క సర్దుకుంటోంది అనుకున్నాం." ఎవరినో దిగమని కేకేశాడు. మళ్లీ మెల్లగా అన్నాడు. "కుర్రాళ్లని పంపను. నేనే వెళ్తాను. తాడు కొస వెనక దేనికి కట్టించను? గట్టి గుంజలేవీ లేవు."

అక్క మైకు లాక్కుంది.

"కిటికీల మధ్య గుంజలు నిలువు టేకువి, అడుగుదాకా ఉంటాయి. కిటికీలు పగలగొట్టించండి. వాటికి చుట్టించండి."

"అవి నీ…"

"పగలగొట్టించండి అంటున్నాను కదా."

కొయ్య ఎక్కబోతూ బావ మైకును బల్ల మీద ఎక్కడో వదిలేసినట్టున్నాడు. మీట నొక్కుకునే ఉండిపోయింది. గొడ్డలి దెబ్బలు వినిపించాయి. చెక్క విరిగింది, మళ్లీ విరిగింది. అక్క ఒక్కో దెబ్బకూ కళ్లు మూసుకుని, ఒక్కో దెబ్బ తరువాతా తెరిచింది. గొడ్డలి ఆగింది. ఆ నిశ్శబ్దంలో, పై నుండి, ఒక మూలుగు సన్నగా మొదలై సాగింది.

చెల్లెలు చెవి ఒగ్గి వింది. బిగువు మించిన దారం తెగే ముందు చేసే చప్పుడు ఆమె వేళ్లకు తెలుసు. ఇది ఇంకా అంతదాకా రాలేదు. ఇంకా రాలేదు.

గుమస్తా శబ్దం తగ్గించబోయాడు. "ఉంచండి" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.