ఈశ్వరప్ప చేతులకు పూసిన చక్కెర పాకం

జలజా, ఆ షట్టరు సగం దించి ఇటు వచ్చి నా మంచం పట్టె మీద కూర్చో. నేను లేచి రాలేను, గొంతు పెంచే ఓపికా లేదు. చెవి నువ్వే దగ్గరికి తేవాలి. పొద్దున నీ పార్లరు గడప దాకా వచ్చి తిరిగి వెళ్ళిపోయిన ఆ కుర్రవాడి గురించి ఒక సంగతి చెప్పాలి.

మెడలో ఆఫీసు బిళ్ళ వేసుకుని, పట్నంలో ఉద్యోగానికి రోజూ మారికుప్పం రైలుకు పరుగెత్తేవాళ్ళలో ఒకడిలా ఉన్నాడు. చేతుల మీది వెంట్రుకలు తీయించుకోవాలని, ఇదే మొదటిసారని, ఏ పద్ధతి మంచిదో తెలియదని మెల్లగా అడిగాడు. దేనికని నీ దగ్గర పనిచేసే పిల్ల అడిగితే "చీర కట్టుకునేదానికి" అన్నాడు. ఆ పిల్ల నవ్వింది. నువ్వు నవ్వలేదు, కాని ఆడవాళ్ళకు మాత్రమే అని రాసిన బోర్డు చూపించావు. నీ అంగడి, నీ బోర్డు, నేను కాదనను. అయితే చెప్పులు వేసుకోవడానికి వాడు వంగినప్పుడు ఈ మంచం మీది నుంచే నాకు ముఖం కనబడింది. ఆ ముఖం నేను ఇంతకు ముందు చూశాను. మా మరిది ఈశ్వరప్ప, నీకు చిన్నతాత. నువ్వు ఎరగవు.

నేను కాపురానికి వచ్చేనాటికి ఈశ్వరప్పకు మీసం కూడా మొలవలేదు. అత్త లేని ఇల్లు. వాడికి అన్నం పెట్టిందీ నేనే, తలంటిందీ నేనే. పెద్దయ్యాక మీ తాత వెంట బంగారు గనిలోకి దిగాడు. పెళ్ళి చేశాం, ఆ పిల్ల జ్వరంతో పోయింది. మళ్ళీ చేసుకోనన్నాడు. గనివాళ్ళు కూలీలకు వరసగా కట్టించిన తగరపు రేకుల లైను ఇంట్లో మాతోనే ఉండిపోయాడు. గనులు అప్పటికే సర్కారువి. దొరలు పోయారు కాని సైరను పోలేదు, షిఫ్టు పోలేదు, తనిఖీ పోలేదు. తనిఖీ అంటే ఏమనుకున్నావు? పని దిగి పైకి వచ్చిన ప్రతి మనిషీ గోచీతో నిలబడి చేతులు పైకెత్తాలి. జుట్టు దులుపుతారు, నోరు తెరిపిస్తారు, వేళ్ళ సందులు విప్పి చూస్తారు. బంగారపు పొడి ఏ మడతలో దాచుకుని తెస్తారో అని. ఆ రోజుల్లో మన మగవాళ్ళకు ఒంటి మీద దాపరికం అన్నదే లేదమ్మా. ఇంట్లో పెళ్ళానికి తెలియని పుట్టుమచ్చ కూడా తనిఖీ జమేదారుకు తెలుసు.

ఒకరోజు కొళాయిలో నీళ్ళు రాక ఖాళీ బిందెలతోనే తిరిగి వచ్చాను. తలుపు తోస్తే ఈశ్వరప్ప అద్దం ముందు నిలబడి ఉన్నాడు. నా ఆవపువ్వు రంగు చీర, ఆకుపచ్చ అంచుది, కట్టుకున్నాడు. కుచ్చిళ్ళు నాకంటే బాగా పెట్టాడు. చేతులకు నా గాజులు. నన్ను చూసి పారిపోలేదు, దాక్కోలేదు. అలాగే ఉండిపోయాడు.

అరవాలంటే బలం కావాలి కదా. పొద్దుటి నుంచి కొళాయి దగ్గర నిలబడి నిలబడి నాకు కాళ్ళు లాగుతున్నాయి. బిందెలు దించి గోడకు ఆనుకుని కూర్చున్నాను.

"ఎన్నాళ్ళ నుంచి రా ఇది?"

"చిన్నప్పటి నుంచే వదినా. నువ్వు లేనప్పుడు." తల ఎత్తకుండానే చెప్పాడు. "చీర బాగనే ఉండాది. చేతులే ఎవురివో మాదిరి ఉండాయి."

చూశాను. మోచేతి నుంచి మణికట్టు దాకా నల్లగా, దట్టంగా వెంట్రుకలు. గాజులు వాటిలో చిక్కుకుని కదలడం లేదు.

"ఎలుగొడ్డుకి గాజులు తొడిగినట్ల ఉండాదిలే," అన్నాను. "పగలగొట్టినావంటే నువ్వే కొనియ్యల్ల."

వాడు నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. వాడికి కావలసింది పెద్దదేమీ కాదు జలజా. ఎప్పుడైనా ఒక పూట, అద్దంలో తన చేతులు తనవిగా కనబడాలి. అంతే. సరే చూద్దాం అన్నాను.

మొదట మీ తాత బ్లేడు. నున్నగానే వచ్చింది, మురిసిపోయాం. కాని గనిలో అడుగున బండ పొయ్యిలా కాలుతూ ఉంటుంది. చెమటా రాతిపొడీ ఆ గీసిన చర్మంలోకి దిగి వాడు రాత్రంతా గోక్కున్నాడు. తర్వాత రాగులు కోసిన చేను మాదిరి మోళ్ళు మొలిచాయి. ఆ చేతులతో చీర పట్టుకుంటే దారాలు లేచి వచ్చాయి.

తర్వాత అంగట్లో అమ్మే పొడి. నీళ్ళలో కలిపి పూస్తే వెంట్రుకలు కరిగిపోతాయన్నారు. కుళ్ళిన గుడ్ల వాసన. మా ఇంటికీ పక్కింటి నాగరత్నకూ మధ్య ఒక రేకే అడ్డం. "గురువమ్మక్కా, మీ ఇంట్లో ఎలుక సచ్చిందా?" అని ఆమె అడిగింది. "అవును తల్లీ, వెతుకుతాండాం" అన్నాను. ఎక్కువసేపు ఉంచితే ఇంకా బాగా పోతాయని ఈశ్వరప్ప అలాగే కూర్చున్నాడు. కడిగితే వెంట్రుకలతో పాటు పైచర్మం కూడా కాస్త వచ్చింది. కొంచెం చోట పూసి, ఒక రోజు ఆగి చూడాలని మాకెవరు చెప్పారు?

ఆపైన వాడంతట వాడే ఒక పని చేశాడు. గని నుంచి పారబోసిన తెల్లమట్టి దిబ్బలు చూశావుగా. ఆ మట్టి పిండిలా మెత్తగా ఉంటుంది, గిన్నెలు తోమితే తళతళలాడతాయి. గిన్నెకు మెరుపు వస్తే చేతికి రాదా అనుకున్నాడు. బంగారం తీయడానికి వాడిన సయనైడు కలిసిన మట్టి అని తెలిసీ, పుండు మానని చేతులకు పట్టించి రుద్దాడు. వారం పాటు మజ్జిగలో తడిపిన గుడ్డ చుట్టాను. మీ తాతకు వేడినీళ్ళు ఒలికాయని చెప్పాం.

"చాలు రా ఈశ్వరా, ఇంగ వదిలెయ్యి. నాకు బేజారయింది," అన్నాను.

"నాకూ బేజారే వదినా. వదిలేస్తే పోతాదా అని చూసినా. పోల్య."

అందుకని బూదికోటకు పోయాం. మా పుట్టింటివాళ్ళకు తెలిసిన దాసప్ప అక్కడ ఉండేవాడు. నాటకాల్లో ఆడవేషాలు వేసి వేసి ముసలివాడైనవాడు. తిన్నె మీద కూర్చుని వక్క కొరుకుతూ ఈశ్వరప్ప చేతులు తిప్పి చూశాడు.

"వేషానికా నాయనా, నీకా?" అన్నాడు.

ఈశ్వరప్ప నోరు మెదపలేదు.

"సరేలే. వెంట్రుకకి ఆ తేడా తెలీదు." వక్క నమిలి ఉమ్మేశాడు. "కొత్తగా మొదలుపెట్టేవాడు ఒళ్ళంతా ఒకేసారి పీక్కోగూడదప్పా. చీరలో బయటికి కనబడేది యెంత? మోచేతి కింద చెయ్యి, మెడ, పాదాలు. తక్కినదంతా చీర చూసుకుంటాది. గడ్డానికి బ్లేడే, అక్కడ పాకం పెట్టినావా, నువ్వు ఏడుస్తావు. చేతికి మాత్రం పాకం. చక్కెర, నిమ్మకాయ రసం, రెండు చుక్కల నీళ్ళు. తీగపాకం వచ్చినాక దించి, నీ చెయ్యి ఓర్చుకునేంత ఆరనిచ్చి, వెంట్రుక యాటు పండుకోనుండాదో అటు పూసి, గుడ్డ అతికించి, ఎదురు లాగు. పుండు మానినాకనే చెయ్యి. చేసినాక గోరువెచ్చని నీళ్ళతో జిగురంతా పోయేటట్ల కడుక్కో. ఆ పొద్దు చెమట పట్టే పనికి పోవద్దు. నువ్వు చేసే పని ఏందో దాన్ని బట్టే పద్ధతి ఏరుకోవల్లప్పా, నా మాట విని కాదు."

పుండు మాని, వెంట్రుక మళ్ళీ పెరిగేదాకా నెలలు ఆగాం. రేషను చక్కెర సగం వాడి చేతులకు పోయింది, మీ నాన్న వాళ్ళు బెల్లం కాఫీ తాగారు. మొదటి గుడ్డ లాగినప్పుడు వాడు అబ్బా అనలేదు. నేనే అన్నాను. పూర్తయ్యాక చీర కట్టుకుని గాజులు తొడుక్కుంటే అవి మణికట్టు నుంచి మోచేతి దాకా జారి గలగలమన్నాయి. వాడు చేయి పైకెత్తడం, దించడం, ఆ చప్పుడు వినడం. తర్వాత ఏం చేశాడనుకున్నావు? చాట తెచ్చుకుని రాగులు చెరిగాడు. చీరలో కూర్చుని, ఏ మాటా లేకుండా, నా పని నాకంటే నింపాదిగా చేశాడు. నేను పక్కన నడుం వాల్చాను.

వెంట్రుక మళ్ళీ మొలవడానికి చాలా రోజులు పట్టింది. రెండోసారి మాత్రం సెలవు రోజు దాకా ఆగలేకపోయాడు. ఇల్లు ఖాళీగా దొరికిందని షిఫ్టుకు పోయే ముందే చేసుకున్నాడు. ఆ పూట కొళాయి రాలేదు. ఉన్న చెంబెడు నీళ్ళతో గుడ్డ తడిపి తుడుచుకుని పరుగెత్తాడు.

చేతుల మీద జిగురు ఉండిపోయింది. కింద పనిచేస్తుంటే రాతిపొడి వచ్చి దాని మీద కూర్చుంది. పైకి వచ్చి తనిఖీలో చేతులెత్తితే, దీపం కింద రెండు చేతులూ మణికట్టు నుంచి మోచేతి దాకా మిలమిలా మెరిశాయి. జమేదారు జయరాం వేలు పెట్టి చూస్తే అంటుకుంది. వెంట్రుకలు తీసేసుకుని, బంక పూసుకుని, పొడి అంటించుకుని తెస్తున్నాడు అనుకున్నాడు. ఆ ఊళ్ళో ఇంకేమనుకుంటారు? వాణ్ణి తనిఖీ గదిలోనే ఆపేశారు.

మీ తాత ఆయాసపడుతూ ఇంటికి వచ్చాడు.

"వాడు చేతులకేం పూసుకున్నాడే?"

"చక్కెర పాకం."

"యెందుకు?"

"వెంట్రుకలు పీకేదానికి."

"అదే, యెందుకని?"

"చీర కట్టుకునేదానికి."

మీ తాత గడప మీద కూర్చుండిపోయాడు. "దొంగ అంటే వాడి పని పోతాది, మనందరికీ ఈ ఇల్లు పోతాది. నిజం చెప్తే ఈ లైన్లో వాడు తలెత్తలేడు" అన్నాడు. కండువా భుజాన వేసుకుని లేస్తూ, "ద్రౌపదమ్మ పండగకి నాటకం కడతాండారు కదా. వేషం కోసమని చెప్తా. ఆ గిన్నె తీసుకుని నువ్వూ రా" అన్నాడు.

అడుగు అంటిన పాకం గిన్నె కొంగు కింద పెట్టుకుని వెళ్ళాను. ఈశ్వరప్ప బల్ల మీద కూర్చుని ఉన్నాడు. రెండు చేతులూ ఒంటికి తగలకుండా ముందుకు చాపి పెట్టుకున్నాడు, అవి ఎవరివో అయినట్టు.

"ఆదినారాయణప్పా, నీ తమ్ముడు నోరు తెరవల్యప్పా," అన్నాడు జయరాం. "మౌనం పట్టినాడు."

మీ తాత నాటకం సంగతి చెప్పాడు.

"ఏం వేషం?"

"చెలికత్తె."

"ఈ ఎత్తుకా? ద్రౌపదమ్మ ఈడి మోకాటికి వస్తాది."

"రాణి పక్కన కాపలా ఉన్నట్ల ఉంటాదిలే."

అక్కడున్న మగవాళ్ళు నవ్వారు. జయరాం నా గిన్నెలో వేలు ముంచి నాకాడు. "నిమ్మకాయ జాస్తి అయిందమ్మా" అన్నాడు. అయినా వదలలేదు. ఇనుప తట్టలో నీళ్ళు పోసి ఈశ్వరప్ప చేతులు కడిగించి, బంగారం జల్లించినట్టే ఆ నీళ్ళు తిప్పి తిప్పి ఒంపాడు. అడుగున మిగిలింది ఉత్త రాతిపొడి. అప్పుడు తట్ట పక్కన పెట్టి, సూటిగా వాడినే అడిగాడు.

"నువ్వు చెప్పప్పా ఈశ్వరా. వేషానికేనా?"

దాసప్ప అడిగిన ప్రశ్నే జలజా. అక్కడ మాట్లాడకపోయినా సరిపోయింది. ఇక్కడ సరిపోదు. వాడు అన్నను చూశాడు. నన్ను చూశాడు. కడిగిన చేతులు చూసుకున్నాడు.

"వేషానికే," అన్నాడు.

పని దక్కింది. ఇల్లు దక్కింది. పండుగకు చెలికత్తె వేషం వేయక తప్పలేదు. జయరాం ముందు వరసలో కూర్చున్నాడు. ఈశ్వరప్ప రాణి పక్కన విసనకర్ర పట్టుకుని నిలబడితే లైనంతా ఈలలు వేసింది, "ఈశ్వరక్కా, ఇటు విసురు" అని పిల్లకాయలు అరిచారు. ఇంటికి వచ్చి ముఖం కడుక్కుంటూ, "అది వాళ్ళకి వదినా. నాకు కాదు" అన్నాడు. అబద్ధం నిలవాలి కాబట్టి ఏటేటా ఆ వేషం వేశాడు. ఆ విసనకర్ర మోసినంత బరువు గనిలో కూడా మోయలేదనేవాడు. మధ్యమధ్య, సెలవు రోజున నీళ్ళు నిండుగా పట్టుకున్నాక, నా ఆవపువ్వు చీర కట్టుకుని రాగులు చెరుక్కునేవాడు. మీ తాత ఆ పూట చుట్ట ముట్టించి బయట తిన్నె మీద కూర్చునేవాడు, ఎవరూ లోపలికి రాకుండా. ఒక్కమాట కూడా అడగలేదు.

గనులు మూసేశాక, అన్నాళ్ళు మింగిన రాతిపొడికి వాడికి ఊపిరి ఆడేది కాదు. చివరి రోజుల్లో నా చేయి పట్టుకుని, "ఇంగ నన్ను తనిఖీ చేసేవాళ్ళు యాడుండారు వదినా? చెప్పాలనిపిస్తే యెవురికైనా చెప్పు" అన్నాడు. పోయినప్పుడు లైనువాళ్ళంతా వచ్చారు. చెలికత్తె వేషం భలే వేసేవాడప్పా అని చెప్పుకుని వెళ్ళారు. నేను ఊరుకున్నాను. ఏడుపుల మధ్య ఎవరికని చెప్పను.

ఇప్పుడు చెప్పాను. ఆ కుర్రవాడు మళ్ళీ వస్తాడో రాడో. వాడు కాకపోతే ఇంకొకడు వస్తాడు. బోర్డు ఉండనీ. మధ్యాహ్నం ఖాళీ ఉన్నప్పుడు లోపలి గదిలో కూర్చోబెట్టి, ముందు కొంచెం చోట వేసి చూడు, ఏం పని చేస్తాడో అడుగు, చేతులతో మొదలుపెట్టు. పని చేస్తూ చేస్తూ ఈశ్వరప్ప కథ చెప్పు. చెలికత్తె దగ్గర ఆపేయకు. అది వేషం కాదని, అవి వాడి చేతులేనని చెప్పు. నాకు అలుపొచ్చింది, ఇక ఈ కథ నీ దగ్గర ఉంచుకో. ఆ దుప్పటి కాస్త కాళ్ళ మీదికి లాగి వెళ్ళు తల్లీ.