చెప్పులు వదిలి పారిపోయినవాళ్ళు

నా పరిశోధన పాత నేరాంగీకార వాంగ్మూలాల మీద. కోర్టు రికార్డు గదిలో కూర్చుని మూడు వందల ఫైళ్ళు తిరగేయడం, దుమ్ముకి తుమ్మడం, వాక్యం తర్వాత వాక్యం కంప్యూటర్లోకి ఎక్కించడం. ఇలాంటి పనికి డాక్టరేట్ ఇస్తారంటే మా అమ్మ ఇప్పటికీ నమ్మదు.

ఆ రోజు ఒకే వాక్యం పంతొమ్మిది కేసుల్లో తేలింది. "భయంతో చెప్పులు అక్కడే వదిలి, గోడ దూకి పారిపోయాను." నవ్వొచ్చింది. దొంగలందరూ ఒకే బడిలో చదివారు కాబోలు అనుకున్నాను.

పదిహేడో ఫైలు దగ్గర నవ్వు ఆగిపోయింది. హత్య కేసు, యావజ్జీవం. జైల్లో చేర్చుకున్న రోజు డాక్టరు రాసిన కాగితం కూడా అందులోనే ఉంది: ఎడమ కాలు మోకాలి కింద లేదు, చిన్నప్పటి ప్రమాదం. ఒంటికాలి మనిషి గోడ దూకాడట! ఇద్దరు లాయర్లు, ఒక జడ్జి చదివిన ఫైలిది. ఒక్కరికీ అనుమానం రాలేదంటే ఒళ్ళు మండింది.

అంతవరకు నేను చూసినవన్నీ టైపు ప్రతులు. ఈ ఫైల్లో మాత్రం చేత్తో రాసిన అసలు కాగితం ఉంది. ఆ రాత నాకు తెలుసు. పోలీస్ స్టేషన్‌లో వాంగ్మూలాలు రాసే రైటరుగా రిటైరైన మా నాన్న రాత అది.

జైలుకి ఫోన్ చేశాను. ఆ ఒంటికాలి మనిషి పద్నాలుగేళ్ళుగా అక్కడే ఉన్నాడు.

ఇంటికెళ్ళి, బాల్కనీలో పేపరు చదువుకుంటున్న నాన్న ముందు ఆ కాగితం నకలు పెట్టాను.

"ఇదేంటి నాన్నా?"

"నా రాతే. అందరూ చెప్పేది ఒకటేనమ్మా. ఒక నమూనా దగ్గర పెట్టుకుని పేర్లు మార్చేవాళ్ళం. అందులో వింతేముంది?"

"ఇతనికి ఒక కాలు లేదు. నీకు తెలీదు కదా?"

తెలీదని ఒక్క మాట అనమని మనసులోనే బతిమాలుకున్నాను.

నాన్న కళ్ళజోడు తీశారు. "గుర్తున్నాడు. చంక కర్ర గోడకి ఆనించి నా బల్ల ముందే కూర్చున్నాడు. గోడెలా దూకుతాను సార్ అని అడిగాడు కూడా."

"మరి?"

"అప్పటికే నాలుగు పేజీలు అయిపోయాయమ్మా. గంటలో కోర్టుకి పంపాలి. మళ్ళీ ఎవరు రాస్తారు?"

కన్నతండ్రి మీద అసహ్యం వేసింది, అసహ్యం వేసినందుకు ఏడుపొచ్చింది. లోపలికెళ్ళి తెల్లకాగితాలు, పెన్ను తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టాను.

"అతనింకా జైల్లోనే ఉన్నాడు. ఇప్పుడు రాయి నాన్నా."