కానుక సంచిలో ఫోన్లు

ఉప్పుగూడ చర్చి పెద్దలకు ఒక గొప్ప ఆలోచన తట్టింది. మాట తడబడుతుందని ఊరంతా నవ్విన పిల్లనే మళ్లీ మైకు ముందు నిలబెట్టి మాట్లాడించాలని.

పిల్ల పేరు భాగ్యశ్రీ. రైల్వేలో పట్టాల పని చేసి రిటైరైన ఇస్సాకుకు మనవరాలు. క్రిస్మస్‌నాడు బైబిలు వాక్యం అప్పజెబుతూ ‘యె... యె...’ అని మొదటి మాట దగ్గరే ఆగిపోతే, సంఘ పెద్ద ప్రహ్లాద్ కొడుకు వెస్లీ దాన్ని ఫోనులో పట్టాడు. బ్లూటూత్ అనే వింత కొత్తగా వచ్చిన రోజులు. ఆ వీడియో ఫోను నుంచి ఫోనుకు పాకి చర్చి దాటింది, బడి దాటింది. బడి గేటు దగ్గర పిల్లలు ‘యె యె వచ్చింది’ అని ఎదురొచ్చారు. అప్పటినుంచి భాగ్యశ్రీ బడి మానేసింది. ఇంట్లోనూ నోరు విప్పలేదు. నీళ్లు కావాలంటే చెంబు చూపించేది.

ఇస్సాకు పోయి ప్రహ్లాద్‌ను అడిగాడు.

“పోరలన్నంక గిట్లనే ఉంటరు ఇస్సాకన్నా, గింతదానికి లొల్లి ఎందుకు? ప్రభు భోజనం ముందట మనసుల ఏం పెట్టుకోవద్దు. ఆదివారం మావోడు సారీ చెప్తడు, మీ పిల్ల మైకుల ‘క్షమించిన’ అంటది. ఖతం.”

ఇస్సాకు ఆ మాటే తెచ్చి ఇంట్లో చెప్పాడు. ఎదురు చెప్పే అలవాటు లేదు.

“బిడ్డను మల్ల నవ్వులపాలు చేస్తరట, నువ్వు కంబం లెక్క నిలవడి వింటివా?” అంది భార్య ఆగమ్మ.

ఆదివారం వెస్లీ ‘సారీ’ అని ఉమ్మేసినట్టు అన్నాడు. భాగ్యశ్రీ మైకు ముందుకు వచ్చింది. “నే... నే...”

వెనక బెంచీలో ఒక ఫోను లేచింది. పక్కన ఇంకోటి. ప్రార్థనలో ఎన్నడూ పైకెత్తని చేతులు అప్పుడెంత చక్కగా లేచాయో!

ఆరాధనలో డబ్బులు వేయించుకునే కానుక సంచిని ఏళ్లుగా తిప్పేది ఇస్సాకే. అప్పటికే తిప్పేశాడు. మళ్లీ సంచి పట్టుకుని వెనక బెంచీ ముందు నిలబడ్డాడు.

“ఇచ్చిన గద తాతా,” అన్నాడొకడు.

ఇస్సాకు కళ్లతోనే ఫోను చూపించాడు. కదల్లేదు. నలుగురూ చూస్తుండగా కానుక సంచిని ఖాళీగా పంపే దమ్ము ఆ సంఘంలో ఎవరికీ లేదు. ఒక ఫోను పడింది. ఇంకోటి పడింది. వెస్లీది కూడా పడింది. తర్వాత సంచి ప్రహ్లాద్ ముందు ఆగింది.

“ఏంది అన్నా, దిమాక్ ఖరాబైందా? దేవుని సంచిల ఫోన్లా?”

“నీది గూడ ఎయ్యి. మొన్న బేగంబజార్ల, గిన్నెల దుకానంల పిల్ల వీడియో ఎవలికి సూపించుకుంట నవ్వినవ్? ఆడ్నే నీ ఎనుక బస్తా మీద కూసున్న నేను.”

ప్రహ్లాద్ పాస్టరు గారి వంక చూశాడు. పాస్టరు గారు ఫ్యాను వంక చూశారు. ఎంతో పవిత్రమైన ఫ్యాను. ప్రహ్లాద్ ఖరీదైన ఫోను సంచిలో పడింది, చప్పుడు కూడా పెద్దదే.

“నే... నేను క్షమించలే,” అంది భాగ్యశ్రీ మైకులో. “ఇం... ఇంకా క్షమించలే.”

ఎవరూ నవ్వలేదు. ప్రభు భోజనపు రొట్టె పళ్లెం వచ్చినప్పుడు ప్రహ్లాద్ తల వంచుకుని, తాను తీసుకోకుండానే పక్కవాడికి అందించాడు.

ఆరాధన ముగిశాక ఇస్సాకు మెట్ల మీద కూర్చున్నాడు. “పిల్ల ముందట వీడియో తుడిపినోళ్లు తీస్కపోండ్రి.” పెద్దమనుషులూ పోరలూ వరసకట్టి తుడిపారు. భాగ్యశ్రీ ప్రతి ఫోనులోకీ తొంగి చూసి మరీ వదిలింది.

ఇంటి దారిలో తాత చొక్కా పట్టి లాగింది.

“రే... రేపు బడికి పోత తాతా. నువ్వు గూడ రా. సం... సంచి తెచ్చుకో.”